ఒక్క తప్పూ లేని పిన్ని

మేడ మీద గది,
వానలు మొదలైన వారం

ఒసే గడుగ్గాయ్,

నిన్న సాయంత్రం నువ్వు ఫోను చేశావు. తియ్యలేదు, తియ్యను కూడా. రోజంతా ఆ తెర ముందు కూర్చుని కళ్ళు మండుతుంటే ఇంక చెవికి కూడా ఒక యంత్రమా? చెప్పాలనుకున్నది కాగితం మీద పెట్టు. రెండుసార్లు చదువుకుంటాను. నీ కోడిగీతల దస్తూరీ చూసి నవ్వుకుంటాను కూడా.

ఊపిరి యంత్రం పుస్తకం మొదటి సగం పంపాను, అందిందా? ఇంట్లో రోగిని పెట్టుకున్నవాళ్ళు చదివే పుస్తకం కదా, అందుకని పెద్ద మాటలన్నీ పీకి పారేశాను. మూలంలో ఒక వాక్యం పేజీ సగం దాకా సాగింది. దాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు గిన్నెల్లో వడ్డించాను. బావుందో లేదో చెప్పు. ముల్లు మాస్టారుకి కూడా చూపించు. ఇన్నేళ్ళుగా నా పని సరిచూస్తున్నాడు కదా, ఈమధ్య ఆయన ముల్లు గుచ్చుకోవడమే లేదు. ముసలాడికి కళ్ళు తగ్గాయా, లేక నాకు ఈ వయసులో పని వచ్చేసిందా?

నీ మేనేజరు పంపిన ఆ గళ్ళ సాఫ్ట్‌వేరు నాకొద్దని చెప్పెయ్. ఒక్కో వాక్యాన్నీ ఒక్కో గదిలో వేసి తాళం పెడితే పక్క వాక్యంతో దానికి మాటలెలా ఉంటాయి? నేను పేజీ పేజీగానే రాస్తాను, పేజీ పేజీగానే పంపుతాను. నీకు అనువాదంలో అఆలు దిద్దించింది నేను. ఇప్పుడు నువ్వు ప్రాజెక్టు నడిపే దొరసానివై నాకే గడువులు పెడుతున్నావు. తాతకు దగ్గులు నేర్పడం అంటే ఇదేనమ్మా.

అన్నట్టు, మూలం రెండో సగం త్వరగా పంపు. ఉత్తినే కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. మీ బాబాయి పోయాక పొద్దున్నే నన్ను మంచం దింపుతున్నది ఈ పని ఒక్కటే. మిగతాదంతా కాలక్షేపం. కింద వాటాలో దర్జీ ఆవిడ లేదూ, గుండెలో కవాటం మార్పించుకుందని చెప్పానే, ఆవిడ రోజూ పైకొచ్చి "అక్కయ్యా, ఇవాళ ఏం రాశారు?" అని అడుగుతుంది. చదివి వినిపిస్తాను. నోట్లో గుండుసూదులు పెట్టుకునే వింటుంది, నాకే భయమేస్తుంది.

అక్కని మందులు వేళకి వేసుకోమను.

పిన్ని


ఆఫీసు, మూడో అంతస్తు
(ఇది పంపలేదు. సొరుగులో పెట్టాను.)

పిన్నీ,

నీ పని అందింది. నాలుగు గిన్నెల వాక్యం చాలా బావుంది. ఇన్నేళ్ళయినా అలా రాయడం నాకు చేతకాలేదు.

కానీ యంత్రం శుభ్రం చేసే భాగంలో రెండు వాక్యాలు లేవు. తప్పుగా రాయడం కాదు, అసలు లేవు. ముందు వాక్యం ఉంది, తర్వాతి వాక్యం ఉంది, మధ్యవి ఎగిరిపోయాయి. కరెంటు తీగ పీకిన తర్వాతే తడిగుడ్డ పెట్టాలి అన్నది అందులో ఒకటి.

ఇది మొదటిసారి అయితే నేనీ ఉత్తరం రాసేదాన్ని కాదు. పోయిన చలికాలం నుంచీ ఇదే వరస. మొదట ఒక శీర్షిక పోయింది, సరే అనుకున్నాను. తర్వాత ఒక వాక్యం. ఆ తర్వాత పేరా. మిగిలిందంతా మాత్రం ముత్యాలు. అదే నన్ను చంపుతోంది. పని మొత్తం పాడయి ఉంటే ఎవరైనా ఎప్పుడో పట్టుకునేవాళ్ళు.

ఇక్కడి పద్ధతి నీకు తెలుసు. అనువాదం వచ్చాక రెండో మనిషి మూలంతో పక్కపక్కన పెట్టి చదవాలి. దొరికిన ప్రతి తప్పు పక్కనా చిన్నది, పెద్దది, ప్రమాదం అని మూడింట్లో ఒకటి రాయాలి. అది రాసినవాళ్ళకి తిరిగి వెళ్ళాలి. "తప్పు దిద్దడం సగం పనే. ఎవరు చేశారో వాళ్ళకి తెలియడం మిగతా సగం" అని నాకు చెప్పింది నువ్వే. ప్రమాదం అని మూడుసార్లు పడితే పేరు జాబితాలోంచి తీసేస్తారు. అందులో దయాదాక్షిణ్యాలుండవు.

నేనేం చేస్తున్నానో తెలుసా? నీ పని ముల్లు మాస్టారు దగ్గరికి వెళ్ళే ముందు నా దగ్గరికి వస్తుంది కదా, పేజీలన్నీ ఉన్నాయో లేవో చూడ్డానికి. అక్కడే ఖాళీలు నేను నింపేస్తున్నాను. నీలాగే రాస్తాను. ఎవరికీ తెలియదు. మాస్టారుకి నిండు పేజీలు వెళ్తాయి.

అమ్మకి చెప్పాను. "దానికి చెప్పావో, చచ్చినంత ఒట్టు. ఆ పని తీసేస్తే అది బతకదే" అంది. అమ్మ ఏడిస్తే నాకు బుర్ర పనిచెయ్యదు. కానీ అమ్మ ఏడవకపోయినా నేను చెప్పగలిగేదాన్నేం కాదు.

నువ్వొకసారి డాక్టరుకి చూపించుకోవాలి పిన్నీ. ఈ మాట ఎలా రాయను?


ఆఫీసు, మూడో అంతస్తు

పిన్నీ,

మొదటి సగం అందింది. మాస్టారు చూశారు. చిన్నవి లేవు, పెద్దవి లేవు. "మీ పిన్నిగారి పని ఈమధ్య మరీ నున్నగా ఉంటోందమ్మా, పట్టుకోడానికి గరుకు దొరకట్లేదు" అన్నారు. నాలుగు గిన్నెల వాక్యం దగ్గర మాత్రం ఆగి, చదివి, మళ్ళీ చదివారు.

ఆయన చేయి దాటాక, మూలం ముఖం ఎరగని ఇంకో మనిషి మన భాష ఒక్కటే చదువుతుంది. అర్థం కాక ఎక్కడ ఆగిందో గీత గీస్తుంది. ప్రమాదం ఉన్న పేజీల్ని మరొకరు తిరిగి మూల భాషలోకి మారుస్తారు, రెండూ ఒకటేనా అని చూడ్డానికి. ఇన్ని జల్లెళ్ళు పట్టాకే అచ్చుకి పోతుంది. నువ్వేం కంగారు పడకు.

రెండో సగం ఇప్పుడే పంపట్లేదు. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోరాదూ? కళ్ళు మండుతున్నాయంటున్నావు. కళ్ళ డాక్టరుకి చూపించుకుంటే తల కూడా ఒకసారి చూడమను, ఈ వయసులో అందరూ చూపించుకుంటారు. అమ్మ మందులు వేసుకుంటోంది, నన్ను వేసుకు తింటోంది.

నీ గడుగ్గాయి


మేడ మీద గది,
వానలు వెలిశాక

ఒసే,

విశ్రాంతి ఎవరికి కావాలే? తలెందుకు చూపించుకోవాలి, అందులో ఏముందో నాకు తెలియదా? చాదస్తం అంతా మీ అమ్మ నుంచి దిగింది నీకు. రెండో సగం పంపు ముందు.

అసలు సంగతి చెప్తా విను. మా వీధి చివర ఆసుపత్రి లేదూ, అక్కడి మందుల గది ఆయన దర్జీ ఆవిడ ద్వారా నన్ను పిలిపించాడు. ఇంటికెళ్ళే రోగులకి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, ఎప్పుడు వేసుకోకూడదు అని రాసిచ్చే కాగితాలున్నాయట. అన్నీ పరాయి భాషలో ఉన్నాయి. చదివేవాళ్ళు లేరు, చదవలేక పారేసేవాళ్ళే ఎక్కువ. మన భాషలోకి మార్చమన్నాడు. మొట్టమొదట రక్తాన్ని పలచన చేసే మాత్ర కాగితం. దర్జీ ఆవిడ వేసుకునేది అదే. "మా అక్కయ్య రాసింది నేనే చదువుకుంటా" అని అప్పుడే వీధంతా చాటింది.

నా జన్మలో ఇంత సంతోషంగా లేనే! ఊపిరి యంత్రం పుస్తకాలూ, కుట్టుమిషను పుస్తకాలూ చేశాను, ఎవరు చదివారో మొహం చూడలేదు. ఇప్పుడు నా వీధి వాళ్ళు, నాకు తెలిసినవాళ్ళు చదువుతారు.

ఆయన అడిగిందల్లా ఒకటే. మీ ఆఫీసు నుంచి సర్టిఫికెట్టు. నా పనిలో ఇన్నాళ్ళుగా ఎన్ని తప్పులు దొరికాయో రాసివ్వమన్నాడు. "సున్నా అండీ" అని నవ్వాను. నువ్వు రాసి పంపు. మంచి కాగితం మీద, ముద్ర స్పష్టంగా పడేలా.

పిన్ని


ఆఫీసు, మూడో అంతస్తు

పిన్నీ,

చాలా సంతోషం. నిజంగా.

కానీ ఒక్క మాట వింటావా? ఆ ఆసుపత్రిలో సరిచూసేవాళ్ళు ఎవరూ ఉండరు. ఇక్కడ నీ వెనక నలుగురు ఉంటారు. అక్కడ నువ్వు రాసిందే అచ్చు. ఎంత గొప్పవాళ్ళు రాసినా రెండో మనిషి చూడకుండా మందుల కాగితం బయటికి పోకూడదు. ఇది నీ గురించి కాదు, పద్ధతి గురించి. "రెండో మనిషిని పెట్టండి, లేకపోతే చెయ్యను" అని చెప్పు. నేను ఊరికే చూసిపెడతాను, నాకు పంపినా చాలు.

సర్టిఫికెట్టుకి కొంచెం టైము పడుతుంది. మేనేజరు ఊళ్ళో లేడు.

నీ గడుగ్గాయి


మేడ మీద గది

అమ్మాయ్,

మేనేజరు ఊళ్ళోనే ఉన్నాడు. నేనే ఫోను చేశాను. అవును, నేనే! ఆ దిక్కుమాలిన యంత్రం చెవికి పెట్టుకుని. "మీకివ్వకపోతే ఇంకెవరికిస్తామండీ, మీ లెక్కలో ఏడాదిగా ఒక్క మచ్చ లేదు" అన్నాడు. సర్టిఫికెట్టు టైపు చేయించి నీ బల్ల మీద పెట్టాడట. ప్రాజెక్టు చూసేవాళ్ళ సంతకం కావాలట. నీ బల్ల మీదే ఉందే. నీ కలం కింద.

ఎందుకు ఆపావు? నేను నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పదాలు నేర్పానే, నాకు నాలుగు మంచి మాటలు వస్తే నీకెందుకు కడుపునొప్పి? పిన్ని పైకొస్తే నువ్వు కిందికి పోతావా? రెండో మనిషి, మూడో మనిషి అని నాకు పాఠాలు. ఆ పాఠం చెప్పిందెవరు?

సంతకం పెడితే పెట్టు. లేకపోతే నా పనిలో తప్పేముందో నా మొహం మీద చెప్పు.

మీ అమ్మ చెల్లెలు


ఆఫీసు, మూడో అంతస్తు
(ఇదీ పంపలేదు.)

పిన్నీ,

నా మొహం మీద చెప్పు అన్నావు. నాకు దొరికిన ఆఖరి తలుపు అది. తీసి పెట్టావు. నేను చూస్తూ నిలబడ్డాను.

పొద్దున్న సర్టిఫికెట్టు ముందు పెట్టుకుని కూర్చున్నాను. "ఏడాది కాలంలో చేసిన పనులన్నింటిలోనూ దిద్దవలసిన తప్పు ఒక్కటీ నమోదు కాలేదు." అక్షరం అక్షరం నిజం. నమోదు కాలేదు. నమోదు కానివ్వనిది నేనే.

మేనేజరు వచ్చి "ఏంటమ్మా, సొంత పిన్నికి సంతకం పెట్టడానికి ముహూర్తం చూస్తున్నావా?" అని నవ్వాడు. అక్కడే చెప్పాలి. "సార్, ఆవిడ పనిలో ప్రమాదాలు పడ్డాయి, నేను దాచాను" అంటే నా ఉద్యోగం పోయేది. ఉద్యోగం గురించి భయపడ్డాననుకుంటే అదీ అబద్ధమే. చెప్తే నీకు తెలుస్తుంది. తెలిస్తే నువ్వు పొద్దున్నే ఎందుకు లేస్తావు? అందుకని సంతకం పెట్టాను.

ఒక మనిషి చేతిలోంచి కర్ర లాగేసి, "మీకు కర్రే అక్కర్లేదు, మెట్లు దిగండి" అని చప్పట్లు కొట్టినట్టుంది.


ఆఫీసు, మూడో అంతస్తు

పిన్నీ,

సర్టిఫికెట్టు ఇందులోనే పెట్టాను. కడుపునొప్పీ లేదు, కాలునొప్పీ లేదు. కోపం తగ్గించుకో.

అచ్చుకి వెళ్ళే ముందు ఒక్క కాపీ, మూలంతో కలిపి నాకు పంపు. ఎందుకని అడగకు. నాకు చదువుకోవాలని ఉంది, అంతే.

నీ గడుగ్గాయి


మేడ మీద గది,
చలి మొదలైంది

ఒసే గడుగ్గాయ్,

సర్టిఫికెట్టు చూసి మందుల గది ఆయన లేచి నిలబడ్డాడంటే నమ్ము. "ఇంక వేరేవాళ్ళకి చూపించే అవసరం ఏముందండీ" అన్నాడు. ఒక మనిషిని పెట్టాలని అనుకున్నారట, ఇది చూశాక మానేశారు. ఖర్చు కూడా కలిసొచ్చింది కదా పాపం.

అచ్చయిపోయాయి! పెద్ద అక్షరాలు, మందం కాగితం. దర్జీ ఆవిడ తన కాగితాన్ని మిషను ఎదురుగా గోడకి అంటించుకుంది. ఆవిడకి చదువు అంతంత మాత్రమే, అయినా కూడబలుక్కుని మొత్తం చదివేసింది. "అక్కయ్యా, ఇన్నాళ్ళూ డాక్టరు ఏం చెప్పాడో తెలియక మాత్ర గుడ్డిగా మింగాను, ఇప్పుడు తెలిసి మింగుతున్నా" అంది. నేను కిందికెళ్ళినప్పుడల్లా వచ్చిన ఆడవాళ్ళందరికీ నన్ను చూపిస్తుంది. సిగ్గేసి చస్తున్నాను. సంతోషంగానూ ఉంది, ఎందుకు దాచాలి?

కాపీ అడిగావు. పంపుతాలే, తొందరేం? నా వెనకాల నువ్వు చెయ్యి పట్టుకుని నడవక్కర్లేదు.

నీ మీద కోపం పోయింది. పిల్లల మీద కోపం ఎంతసేపు.

పిన్ని


మేడ మీద గది

అమ్మాయ్,

గబగబా రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

దర్జీ ఆవిడ పడిపోయింది. వాళ్ళ చెల్లెలింటికి వెళ్తూ మాత్రలు ఇక్కడే మర్చిపోయిందట. తిరిగొచ్చి, తప్పిపోయిన పూటలవన్నీ లెక్కపెట్టి, ఒకేసారి మింగింది. మరునాడు కూడా రెండు మింగింది. నాలుగో రోజు బట్ట కత్తిరిస్తూ కత్తెర జారవిడిచింది. మెదడులో రక్తం కారిందన్నారు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి లేవట్లేదు, కుడి కాలూ అంతే. మాట పోయింది. కళ్ళు మాత్రం అటూ ఇటూ తిరుగుతాయి. ఆ చెయ్యే కదే ఆ ఇంటికి అన్నం పెట్టేది!

వాళ్ళ కోడలు ఆసుపత్రిలో అరిచింది. "మర్చిపోయినవి కలిపి వేసుకోకూడదని మాకెవరు చెప్పారు? మా అత్త గోడ మీద కాగితం చూసే మింగింది. అందులో లేదే!" అంది. డాక్టరు మూలం తెప్పించాడు. అందులో ఉంది. మర్చిపోయిన మాత్రని తర్వాతి మాత్రతో కలిపి ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోవద్దు అని లావుపాటి అక్షరాల్లో ఉంది. మన కాగితంలో లేదు.

నేను రాశానే! రాసినట్టు నాకు గుర్తుంది. ఆ వాక్యం నా నాలుక మీద ఉంది. అచ్చువాళ్ళు మింగేశారు. మందుల గది ఆయన నా మొహం కూడా చూడకుండా "మీరు పంపిందే వేశామండీ" అంటున్నాడు. నా కంప్యూటరులో వెతికాను. అందులోనూ కనిపించట్లేదు, కానీ నేను ఏది ముందు దాచానో ఏది తర్వాత దాచానో, ఆ గందరగోళం నీకు తెలుసు కదా.

నువ్వొక్కదానివే నన్ను గట్టెక్కించగలవు. మీ ఆఫీసు కాగితం మీద రెండు ముక్కలు రాసి పంపు. ఇన్నేళ్ళలో ఈవిడ ఒక్క వాక్యం వదిలెయ్యడం మేమెరగము అని. అంతే. నీకంటే ఎవరికి తెలుసు నా పని?

త్వరగా తల్లీ. కింద గది నుంచి మిషను చప్పుడు రావట్లేదు. భరించలేకపోతున్నాను.

పిన్ని


ఇల్లు, వంటగది బల్ల

పిన్నీ,

ఆ రెండు ముక్కలు రాయలేను. అవి నిజం కావు.

నువ్వు వాక్యాలు వదిలేస్తున్నావు. పోయిన చలికాలం నుంచి. ఊపిరి యంత్రం పుస్తకంలో కరెంటు తీగ వాక్యం వదిలేశావు. పిల్లల మంచం పుస్తకంలో ఒక హెచ్చరిక మొత్తం వదిలేశావు. ఇంకా ఉన్నాయి, అన్నీ నాకు గుర్తున్నాయి. ప్రతిసారీ మాస్టారు చూడకముందే నేను నింపాను. నీ మాటలు దొంగిలించి నీ గొంతుతో నింపాను. అమ్మకి చెప్పాను, నీకు చెప్పలేదు. సర్టిఫికెట్టులో సున్నా నీది కాదు, నాది.

ఎందుకు దాచానంటే నువ్వంటే ప్రాణం కాబట్టి. ఈ మాట రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది. ప్రాణమైతే చెప్పేదాన్ని. నీ పేరు జాబితాలోంచి పోయేది, నువ్వు నన్ను తిట్టేదానివి, మన మాటలు ఆగిపోయేవి. అయినా ఆవిడ ఇవాళ మిషను ముందు కూర్చునేది. నీ పని నిలబెట్టాననుకున్నాను. నీ కింద నేల తవ్వేశాను.

అచ్చువాళ్ళ తప్పేం లేదు. మందుల గది ఆయన తప్పు కొంత ఉంది, కానీ ఆయన నా సంతకాన్ని నమ్మాడు. ఇవాళ మేనేజరుకి అంతా చెప్పాను. ఆయన "మాస్టారుని పిలువు" అన్నాడు. మాస్టారు విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "గరుకు ఎటు పోయిందా అనుకున్నానమ్మా" అన్నారు. రేపటి నుంచి నేను రానక్కర్లేదు. ఆసుపత్రికి కూడా ఉత్తరం రాశాను, ఆ కాగితాలన్నీ వెనక్కి తీసుకొమ్మని.

అమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి పిన్నీ. నేనొస్తాను. రావద్దన్నా వస్తాను.


మేడ మీద గది

అమ్మాయ్,

రావద్దు. వస్తే తలుపు తియ్యను.

నీ ఉత్తరం చదివి నిన్ను తిట్టాను. గది దద్దరిల్లేలా తిట్టాను. నువ్వు అబద్ధమాడుతున్నావనుకున్నాను. తర్వాత పాత మూలాలు తీసి, నేను నీకు పంపిన పేజీలు పక్కన పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో వరుసా చూశాను. ఉన్నాయి. లేనివి ఉన్నాయి. వేలు అక్కడికి చేరేదాకా నాకు తెలియలేదు. చేరాక కూడా, ఎప్పుడు వదిలానో తెలియలేదు.

ఎర్రగా గీసి నా మొహాన కొట్టి ఉంటే ఏమయ్యేదే? ఏడ్చేదాన్ని. మూడ్రోజులు తిండి మానేసేదాన్ని. నీకూ నాకూ చుట్టరికం లేదనేదాన్ని. అంతేగా! నన్ను పసిపిల్లని చేసి ఆడించారు అక్కాచెల్లెళ్ళ పిల్లలూ అక్కా కలిసి. నాకు పోయింది పని కాదు. ఆ పని ఏడాది కిందటే పోయింది. పోయిందని తెలుసుకునే హక్కు నాది. దాన్ని కూడా మీరే ఉంచుకున్నారు.

ఇవాళ కిందికి వెళ్ళాను. దర్జీ ఆవిడని ఆసుపత్రి నుంచి తెచ్చేశారు. కోడలు తలుపు తీసి, పలకరించకుండా లోపలికి వెళ్ళిపోయింది. మిషను మీద దుప్పటి కప్పారు. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. దగ్గర కూర్చుని చెప్పాను. ఆ వాక్యం అచ్చువాళ్ళు కాదు, నేనే వదిలేశానని చెప్పాను. తెలియక వదిలానని చెప్పాను. ఆవిడ చెయ్యి పోగొట్టింది నేనే అని చెప్పాను. ఆవిడ నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. అప్పుడు ఎడమ చెయ్యి మెల్లిగా ఎత్తి నా

కిటికీ తలుపు ఊడొస్తోంది, వడ్రంగిని పిలవాలి. పని ఏదీ పంపకు, ఎవరినీ పంపించనివ్వకు. డాక్టరు దగ్గరికి వెళ్తాలే, నేను వచ్చేసేటప్పుడు ఆ కోడలే తీసుకెళ్తానంది.

ఒక్క పని చేసిపెట్టు. చివరిది. ఈ ఉత్తరాన్ని సరిచూడు. ఎక్కడ ఏం వదిలేశానో ఎర్రసిరాతో గీసి, తిప్పి పంపు. నీ సొంత మాట ఒక్కటి కలిపావో, నా శవం కూడా చూడొద్దు.

పిన్ని


ఇల్లు, వంటగది బల్ల

పిన్నీ,

నీ ఉత్తరం సరిచూశాను. ఇందులోనే తిప్పి పంపుతున్నాను.

చిన్నది ఒకటి. మూడో పేరాలో "అక్కాచెల్లెళ్ళ పిల్లలూ అక్కా" అన్నావు. పిల్లలు లేరు, ఉన్నది నేనొక్కదాన్నే. కోపంలో రాశావు, అలాగే ఉంచొచ్చు.

ప్రమాదం ఒకటి. నాలుగో పేరా చివర "ఎడమ చెయ్యి మెల్లిగా ఎత్తి నా" అని ఉంది. ఆ తర్వాత కిటికీ తలుపు సంగతి. మధ్యలో ఏమీ లేదు. సిరా అలికిపోలేదు, కాగితం చిరగలేదు, వెనక పక్క కూడా చూశాను.

అమ్మ చదివింది. "చెయ్యి పట్టుకుని ఉంటుందే, అంత మంచిది కదా, పట్టుకుందని రాసెయ్" అంది. రాస్తే సరిపోతుంది. నీ దస్తూరీ నాకు వచ్చు, నీలాగే రాయగలను. చెంప మీద కొట్టిందని రాసినా అంతే సరిపోతుంది. అందుకే ఏదీ రాయలేదు. కలం మూత కూడా పెట్టేశాను. ఖాళీ చుట్టూ ఎర్రగా గీసి, పక్కన ప్రమాదం అని రాసి, ఖాళీని ఖాళీగానే పంపుతున్నాను.

ఆవిడ ఏం చేసిందో నువ్వు చెప్తే తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ఆవిడకి మాట లేదు.

గుర్తుంటే రాయి పిన్నీ.